ఎవర్‌బేరింగ్ స్ట్రాబెర్రీ పెరటి సాగు

ఎవర్‌బేరింగ్ స్ట్రాబెర్రీ అనగా ఒకే సంవత్సరంలో ఒకటి కంటే ఎక్కువ సార్లు పూచి కాసే స్ట్రాబెర్రీ రకాలకు గల సామాన్య నామం. సాధారణ స్ట్రాబెర్రీ సమశీతోష్ణ దేశాలలో వేసవి మొదట్లో మూడు నాలుగు వారాలు మాత్రమే కాసి ఆగిపోతుంది. ఎవర్‌బేరింగ్ రకాలు ఆ తరువాత కూడా గడ్డకట్టే చలి మొదలయ్యే వరకు విడతలు విడతలుగా కాస్తాయి. మామిడి చెట్లలో పునాస మామిడికి ఉన్న ప్రత్యేకత వంటిదే స్ట్రాబెర్రీలలో ఈ రకాల ప్రత్యేకత.

ఆంగ్ల నామానికి "ఎల్లప్పుడూ కాసేది" అని అర్థం. అయితే ఈ మొక్క ఎల్లప్పుడూ కాయదు. పగటి పొడవుతో దీనికి అంతగా పట్టింపు లేదు గాని, వేడికి, చలికి ఇది లోబడే ఉంటుంది. ఈ సంగతి తెలియక నాటినవారు నడి వేసవిలో పూత ఆగిపోగానే మొక్క చెడిపోయిందని భావించి పీకివేయడం కద్దు. మొక్క స్వభావాన్ని తెలుసుకొని, మొదటి కొన్ని వారాలు ఓపిక పట్టినవారికి అదే మొక్క అదే సంవత్సరం శరదృతువు వరకు పండ్లను ఇస్తుంది.

పెరటిలో ఈ రకాలను పెంచడం అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర భాగంలో బాగా ప్రచారంలో ఉంది. ఈ వ్యాసంలో పేర్కొన్న నెలలు, పనులు మిన్నెసోటా, విస్కాన్సిన్, మిచిగాన్, న్యూయార్క్ వంటి రాష్ట్రాల వాతావరణానికి సంబంధించినవి. తెలుగు ప్రాంతాల పరిస్థితి చివరి విభాగంలో వివరించబడినది.

వృక్షశాస్త్ర వివరణ

తోటలలో పెంచే స్ట్రాబెర్రీ శాస్త్రీయ నామం ఫ్రగేరియా × అననాస్సా. ఇది గులాబీ కుటుంబమైన రోజేసికి చెందిన బహువార్షిక గుల్మం. వేళ్ళకు, ఆకులకు నడుమ చాలా పొట్టి కాండం ఒకటి ఉంటుంది. దీనిని తోటమాలులు క్రౌన్ అంటారు. ఈ వ్యాసంలో దీనిని కుదురు అని వ్యవహరించడమైనది. మొక్క ప్రాణమంతా ఈ కుదురులోనే ఉంటుంది.

కుదురు కొన నుండి పూగుత్తి వెలువడుతుంది. ప్రతి ఆకు మొదట ఉండే మొగ్గ రెండు విధాలలో ఏదో ఒక విధంగా ఎదుగుతుంది. అది నేలపై పాకే తీగగా సాగవచ్చును, లేదా పక్క కుదురుగా మారవచ్చును. పాకే తీగను వృక్షశాస్త్రంలో రన్నర్ అంటారు. దాని కణుపుల వద్ద వేళ్ళు దిగి పిల్ల మొక్కలు ఏర్పడతాయి. పక్క కుదురు అయితే తన కొన నుండి మరొక పూగుత్తిని ఇస్తుంది. కనుక తీగలు ఎక్కువైన మొక్కలో పూగుత్తులు తక్కువగాను, తీగలు తక్కువైన మొక్కలో పూగుత్తులు ఎక్కువగాను ఉంటాయి. పెరటి సాగులో చేసే పనులు చాలావరకు ఈ ఒక్క సూత్రంపై ఆధారపడి ఉన్నాయి.

మనం పండుగా తినే ఎర్రని కండ నిజానికి పండు కాదు. అది ఉబ్బిన పుష్పాసనం. దానిపై గింజల వలె కనిపించేవే అసలైన ఫలాలు. వీటిని ఎకీన్లు అంటారు. ఒక్కొక్క పండుపై ఇవి రమారమి రెండు వందల వరకు ఉంటాయి. అందుచేత స్ట్రాబెర్రీని అనృత ఫలంగా పరిగణిస్తారు.

మూడు తరగతులు

కాపు కాలాన్ని బట్టి తోట స్ట్రాబెర్రీలను మూడు తరగతులుగా విభజిస్తారు.

• జూన్ కాపు రకాలు: ఇవి హ్రస్వ దీప్తికాల మొక్కలు. పగలు సుమారు 14 గంటల కంటే తగ్గినప్పుడు, లేదా చల్లదనం ఎక్కువైనప్పుడు వీటిలో పూమొగ్గలు రూపొందుతాయి. శరదృతువులో కుదురు లోపల ఏర్పడిన మొగ్గలు చలికాలం గడిచాక వసంతంలో విచ్చుకుంటాయి. జూన్ నెలలో పండ్లు వస్తాయి. ఆ తరువాత మొక్క తన శక్తిని తీగలకు మళ్ళిస్తుంది.

• పాత ఎవర్‌బేరింగ్ రకాలు: ఇవి జూన్‌లో ఒకసారి, ఆగస్టు చివర లేదా సెప్టెంబరులో మరొకసారి కాస్తాయి. నడుమ కాపు పలుచగా ఉంటుంది. వీటిని మొదట్లో దీర్ఘ దీప్తికాల మొక్కలుగా భావించేవారు.

• డే-న్యూట్రల్ రకాలు: వీటిని తటస్థ దీప్తికాల రకాలు అంటారు. పగటి పొడవు ఎంత ఉన్నా వేడి మితిమీరనంత వరకు ఇవి పూస్తూనే ఉంటాయి. ఒక విడత కాపుకు, మరొక విడతకు నడుమ సుమారు ఆరు వారాల వ్యవధి ఉంటుంది.

మొక్కల దుకాణాలలో రెండవ, మూడవ తరగతులను కలిపి ఎవర్‌బేరింగ్ అనే అమ్ముతారు. ఈ రెంటికీ మధ్య ఉన్నది స్థాయిలో భేదమే తప్ప స్వభావంలో భేదం కాదని నేటి శాస్త్రజ్ఞులు పలువురు భావిస్తున్నారు. ఈ వ్యాసంలో కూడా రెండు తరగతులనూ కలిపే చెప్పడం జరిగింది.

జన్యుపరమైన కారణం

యూరప్ అడవులలో పెరిగే ఫ్రగేరియా వెస్కా అనే చిన్న స్ట్రాబెర్రీలో 14 క్రోమోజోములు మాత్రమే ఉంటాయి. తోట స్ట్రాబెర్రీలో 56 ఉంటాయి. అడవి రకంలో ఒక జన్యువు వేసవి పొడవు పగళ్ళలో పూతను అణచి ఉంచుతుంది. దీని పేరు టి.ఎఫ్.ఎల్.1. ఆల్పైన్ స్ట్రాబెర్రీ అని పిలిచే రూపంలో ఈ జన్యువు చెడిపోయి ఉన్నదని, అణచివేత లేనందున అది విడవకుండా పూస్తున్నదని 2012లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి.

తోట స్ట్రాబెర్రీలో కారణం వేరు. దాని క్రోమోజోములలో ఒక స్థానం పునఃపుష్పించడాన్ని, తీగలు సాగడాన్ని కలిపి నియంత్రిస్తున్నదని 2013లో ఫ్రాన్సు పరిశోధకులు ప్రకటించారు. ఆ స్థానంలో ఎవర్‌బేరింగ్ లక్షణం ఉన్న మొక్కలో పూలు పెరిగి తీగలు తగ్గుతాయి. ఎవర్‌బేరింగ్ మొక్కలు సాధారణంగా తక్కువ తీగలు వేయడానికి కారణం ఇదే.

చరిత్ర

తోట స్ట్రాబెర్రీ రెండు అమెరికా ఖండాల మొక్కలు యూరప్‌లో కలియగా పుట్టిన సంకరం. అమెదె ఫ్రాన్స్వా ఫ్రెజియె అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు 1714లో చిలీ దేశం నుండి పెద్ద పండ్ల స్ట్రాబెర్రీ మొక్కలను ఫ్రాన్సుకు తెచ్చాడు. అవన్నీ ఆడ మొక్కలు కావడం చేత ఒంటరిగా ఉన్నచోట కాయలేదు. బ్రిటనీ ప్రాంతంలో ఉత్తర అమెరికా నుండి వచ్చిన ఫ్రగేరియా వర్జీనియానా మొక్కల పక్కన నాటినప్పుడు మాత్రం బాగా కాసాయి. ఈ కలయిక వలననే కొత్త మొక్క పుట్టిందని ఆంట్వాన్ నికొలా దుషేన్ గ్రహించి, 1766లో స్ట్రాబెర్రీలపై ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై సంవత్సరాలు కూడా నిండలేదు.

పెద్ద పండ్లు గల మొక్కలో మళ్ళీ మళ్ళీ కాసే గుణం 19వ శతాబ్దపు ద్వితీయార్థంలో ఫ్రాన్సులో కనిపించింది. తివొలే అనే క్రైస్తవ మతాచార్యుడు రూపొందించిన సెయింట్ జోసెఫ్ రకం 1893లో వెలువడింది. అమెరికాలో 1898లో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన శామ్యూల్ కూపర్ తన పొలంలో శరదృతువులో కూడా కాస్తున్న ఒక మొక్కను గమనించాడు. దానికి పాన్ అమెరికన్ అని పేరు పెట్టారు. ఐయోవా రాష్ట్రానికి చెందిన హార్లో రాక్‌హిల్ దాని సంతతి నుండి మేలైన రకాలను తయారు చేశాడు.

తరువాతి మలుపు కాలిఫోర్నియాలో జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ 1955లో యూటా రాష్ట్రంలోని వాసాచ్ పర్వతాలలో ఒక అడవి స్ట్రాబెర్రీ మొక్కను సేకరించాడు. పగటి పొడవును లెక్కచేయకుండా పూసే గుణం దానిలో ఉంది. బ్రింగ్‌హర్స్ట్, విక్టర్ వోత్ కలిసి ఈ గుణాన్ని అనేక తరాల సంకరణం ద్వారా పెద్ద పండ్ల రకాలలోకి తెచ్చారు. ఫలితంగా 1979లో ఆప్టోస్, బ్రైటన్, హెకర్ అనే మూడు డే-న్యూట్రల్ రకాలు విడుదలయ్యాయి.

పెరటికి అనువైన రకాలు

• ఓజార్క్ బ్యూటీ: ఆర్కాన్సాస్‌లో రూపొంది 1955లో వెలువడిన పాత ఎవర్‌బేరింగ్ రకం. పండు తియ్యగా ఉంటుంది. ఈ తరగతిలో కొంచెం ఎక్కువగానే తీగలు వేస్తుంది.

• ఫోర్ట్ లారమీ: వయోమింగ్ రాష్ట్రం నుండి 1970 దశకంలో వచ్చినది. తీవ్రమైన చలిని ఓర్చుకుంటుంది.

• ట్రిస్టార్, ట్రిబ్యూట్: మేరీలాండ్ రాష్ట్రంలో రూపొంది 1981లో విడుదలైన డే-న్యూట్రల్ రకాలు. కొన్ని వేరు తెగుళ్ళను తట్టుకుంటాయి. ట్రిస్టార్ పండు చిన్నది, రుచి మంచిది.

• సీస్కేప్: కాలిఫోర్నియా రకం. పండు పెద్దది.

• ఆల్బియన్: 2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విడుదల చేసినది. పండు పొడవుగా, గట్టిగా, తియ్యగా ఉంటుంది.

• ఆల్పైన్ స్ట్రాబెర్రీ: ఇది ఫ్రగేరియా వెస్కాకు చెందినది. పండు వేలి కొనంత చిన్నదైనా సువాసన చాలా ఎక్కువ. దీని రకాలలో చాలా వాటికి తీగలు ఉండవు. విత్తనం ద్వారా పెంచుతారు. కొద్దిపాటి నీడను సహిస్తుంది.

స్థలం, నేల

రోజుకు కనీసం ఆరు గంటలు, వీలైతే ఎనిమిది గంటలు ఎండ తగిలే చోటును ఎంచుకోవలెను. నేల ఉదజని సూచిక 5.5 నుండి 6.5 వరకు ఉండడం మంచిది. నీరు నిలిచే నేలలో వేళ్ళు కుళ్ళిపోతాయి. కనుక బంకమట్టి నేల అయితే 15 నుండి 20 సెంటీమీటర్ల ఎత్తు గల మడిని కట్టి, బాగా చివికిన కంపోస్టు కలిపి నాటవలెను. పల్లపు చోట్లలో రాత్రివేళ చల్లగాలి నిలిచి పూలు మాడిపోతాయి గనుక అటువంటి చోటును వదిలివేయవలెను.

పంట మార్పిడి విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. టమాటా, వంకాయ, మిరప, బంగాళదుంప పెరిగిన నేలలో వెర్టిసిల్లియం అనే శిలీంధ్రం మిగిలి ఉండవచ్చును. అది స్ట్రాబెర్రీకి వడలు తెగులును కలిగిస్తుంది. అటువంటి నేలలో మూడు నాలుగు సంవత్సరాల వరకు స్ట్రాబెర్రీని నాటరాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పెరళ్ళలో ఈ కూరగాయలే ముఖ్యమైనవి కాబట్టి, మడిని ఎంచుకునే ముందు అక్కడ ఇంతకు ముందు ఏమి పెరిగినదో గుర్తు చేసుకోవడం అవసరం. పచ్చిక మైదానాన్ని అప్పుడే తవ్విన చోట కూడా నాటరాదు. వేళ్ళను కొరికే వేరుపురుగులు అక్కడ ఎక్కువగా ఉంటాయి.

మొక్కల ఎంపిక

వైరస్ తెగుళ్ళు లేవని ధ్రువీకరించిన మొక్కలనే కొనవలెను. తల్లి మొక్కలోని వైరస్ తీగ ద్వారా పిల్ల మొక్కకు చేరుతుంది. పేనుబంక పురుగులు కొన్ని వైరస్‌లను ఒక మొక్క నుండి మరొక మొక్కకు మోస్తాయి. వైరస్ సోకిన మొక్క పైకి ఆరోగ్యంగానే కనిపిస్తూ ఏటేటా చిన్న పండ్లను ఇస్తూ క్షీణిస్తుంది. ఇరుగుపొరుగు వారు ప్రేమతో ఇచ్చే పాత తోటలోని పిలకలు ఈ కారణం చేతనే తరచు నిరాశను మిగులుస్తాయి.

నాటడం

ఉత్తర రాష్ట్రాలలో నేల పనికి వచ్చిన వెంటనే, అనగా ఏప్రిల్ నుండి మే మొదటి భాగం లోపల నాటుతారు. మొక్కలు సాధారణంగా మట్టి లేకుండా, నిద్రావస్థలో, కట్టలుగా వస్తాయి. నాటడానికి ముందు వేళ్ళను అరగంట సేపు నీటిలో ఉంచవలెను. మరీ పొడవైన వేళ్ళను 10 నుండి 12 సెంటీమీటర్ల వరకు కత్తిరించవచ్చును. వేళ్ళను గుంటలో విసనకర్ర వలె పరచి మట్టి కప్పవలెను.

నాటే లోతు మిక్కిలి ముఖ్యం. కుదురు సగభాగం మట్టిలోను, సగభాగం మట్టి పైన ఉండవలెను. కుదురు పూర్తిగా మునిగితే మొవ్వు కుళ్ళుతుంది. వేళ్ళు పైకి తేలితే మొక్క ఎండిపోతుంది. నీరు పోసిన తరువాత మట్టి కుంగుతుంది గనుక మరునాడు ఒకసారి చూసి సరిచేయవలెను.

జూన్ కాపు రకాలను దూరదూరంగా నాటి, తీగలతో మడి నిండనిస్తారు. ఎవర్‌బేరింగ్ రకాలకు ఆ పద్ధతి పనికిరాదు. వీటిని 25 నుండి 30 సెంటీమీటర్ల ఎడంలో, జంట వరుసలలో నాటి, ప్రతి మొక్కనూ విడిగా ఉంచుతారు. చిన్న కుటుంబానికి పాతిక మొక్కలు సరిపోతాయి. మంచి పోషణలో ఒక్కొక్క డే-న్యూట్రల్ మొక్క సంవత్సరానికి అర కిలో వరకు ఇవ్వగలదు.

మొదటి వారాలు: పూలను తుంచడం

నాటిన కొద్ది వారాలకే మొక్క పూస్తుంది. వాటిని చూసి సంతోషించని తోటమాలి ఉండడు. అయినను ఆ పూలను తుంచివేయవలెను. అప్పటికి మొక్కకు నాలుగైదు ఆకులే ఉంటాయి, వేళ్ళు ఇంకా కొత్త నేలలో నిలదొక్కుకొని ఉండవు. ఆ స్థితిలో కాయలను పెంచవలసి వస్తే ఆకులకు, వేళ్ళకు చేరవలసిన ఆహారం కాయలకు పోతుంది. మొదట దొరికే నాలుగు చిన్న పండ్లకు ప్రతిగా ఆ సంవత్సరపు పంట చాలావరకు తగ్గిపోతుంది.

నాటిన తరువాత సుమారు ఆరు వారాల పాటు, అనగా జూన్ చివరి వరకు, కనిపించిన పూగుత్తినల్లా తీసివేయవలెను. ఆ తరువాత వచ్చే పూలను వదలవలెను. చల్లని వాతావరణంలో పూవు విచ్చుకున్న నాటి నుండి పండు ఎర్రబడడానికి సుమారు నెల రోజులు పడుతుంది. కాబట్టి జూలై చివర లేదా ఆగస్టులో తొలి పండ్లు అందుతాయి. జూన్ కాపు రకాలలో మొదటి సంవత్సరం పూలన్నిటినీ తుంచి మరుసటి వేసవి దాకా ఎదురుచూడవలసి ఉంటుంది. నాటిన సంవత్సరంలోనే పండు తినగలగడం ఎవర్‌బేరింగ్ రకాలకు ఉన్న పెద్ద సౌకర్యం.

తీగలను తీసివేయడం

మొదటి సంవత్సరమంతా వారానికి ఒకసారి తీగలను మొదటికంటా కత్తిరించవలెను. ఒకే మొగ్గ తీగగా గాని, పక్క కుదురుగా గాని ఎదుగుతుందని పైన చెప్పడం జరిగింది. తీగలను అదుపులో ఉంచిన మొక్క పక్క కుదుళ్ళను వేసి పూగుత్తులను పెంచుకుంటుంది. తీగలను వదిలివేసిన మడి చూడడానికి పచ్చగా, ఒత్తుగా ఉంటుంది గాని పండ్లు చిన్నవై, గాలి ఆడక బూజు పట్టి చెడిపోతాయి.

గడ్డి పరచడం, నీరు, ఎరువు

మొక్కల చుట్టూ 5 నుండి 8 సెంటీమీటర్ల మందంలో కలుపు గింజలు లేని గోధుమ గడ్డిని పరచవలెను. ఇది నేలను చల్లగా ఉంచుతుంది, తేమను నిలుపుతుంది, పండుకు మట్టి అంటకుండా కాపాడుతుంది. వేడి వలన పూత ఆగే ఈ మొక్కలకు నేల చల్లదనం చాలా మేలు చేస్తుంది. నల్లని ప్లాస్టిక్ షీటు కలుపును ఆపినప్పటికీ నేలను వేడెక్కిస్తుంది.

స్ట్రాబెర్రీ వేళ్ళు ఎక్కువ భాగం పై 15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. అందుచేత లోతైన వేళ్ళు గల మొక్కల కంటే ఇది త్వరగా వాడుతుంది. వాన, తడి కలిపి వారానికి సుమారు 2.5 సెంటీమీటర్ల నీరు అందవలెను. ఎండలు ముదిరినప్పుడు మరికొంత అవసరం. ఆకులు, పండ్లు తడవకుండా మొదట్లో పారేటట్లు ఉదయం వేళ నీరు పెట్టడం ఉత్తమం.

నెలల తరబడి కాసే మొక్క నెలల తరబడి ఆహారాన్ని కోరుతుంది. ఒకేసారి ఎక్కువ ఎరువు వేయడానికి బదులు పెరుగుదల కాలంలో నెలకు ఒకసారి కొద్దికొద్దిగా వేయవలెను. నత్రజని అధికమైతే ఆకులు విపరీతంగా పెరిగి, పండ్లు మెత్తబడి బూజుకు లోనవుతాయి.

నడి వేసవి విరామం

ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్‌ను సమీపించి కొన్ని రోజులు అలాగే కొనసాగితే ఎవర్‌బేరింగ్ మొక్కలలో కొత్త పూమొగ్గలు ఏర్పడడం తగ్గుతుంది లేదా ఆగుతుంది. మొగ్గ ఏర్పడిన తరువాత పూత, కాయ, పండు దశలకు వారాలు పడుతుంది గనుక జూలైలో వేసిన ఎండల ఫలితం ఆగస్టులో కాపు లేమిగా కనిపిస్తుంది. ఇది తెగులు కాదు. ఈ సమయంలో ఎరువు ఎక్కువ వేసి మొక్కను తొందరపెట్టరాదు. గడ్డిని మందంగా ఉంచి, తడి ఆరకుండా చూసి, వీలైతే మధ్యాహ్నం వేళ పలుచని నీడ వలను కట్టవలెను. రాత్రులు చల్లబడగానే పూత తిరిగి వస్తుంది. సెప్టెంబరులో చల్లని రాత్రుల నడుమ నిదానంగా పండిన పండ్లను చాలామంది మిక్కిలి రుచికరమైనవిగా భావిస్తారు.

పరాగ సంపర్కం, పండు ఆకారం

పుష్పాసనం ఉబ్బడానికి ఎకీన్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను అవసరం. ఫలదీకరణ జరగని ఎకీన్ల కింద కండ పెరగదు. అందువలన పరాగ సంపర్కం అసంపూర్ణంగా జరిగిన పండు ఒకవైపు ఉబ్బి, మరొకవైపు నొక్కుకుపోయి వంకరగా ఉంటుంది. తేనెటీగలు, ఇతర ఈగలు పూలపై తిరిగేలా చూడడం, పూత సమయంలో పురుగు మందులు చల్లకుండా ఉండడం దీనికి పరిష్కారం. విచ్చుకున్న పూవు −1 డిగ్రీ వద్దనే దెబ్బతింటుంది. నడుమ నల్లబడిన పూవు ఇక కాయదు. మంచు పడే సూచన ఉన్న రాత్రులలో పలుచని గుడ్డ కప్పితే పూలను కాపాడుకోవచ్చును.

పురుగులు, తెగుళ్ళు

ఎక్కువ కాలం కాయడం వలన ఈ రకాలకు ఒక చిక్కు ఉంది. జూన్ కాపు తోటలో పండ్లు అయిపోయాక విజృంభించే పురుగులకు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఎవర్‌బేరింగ్ తోటయే ఆధారమవుతుంది.

• డ్రోసోఫిలా సుజుకీ: తూర్పు ఆసియాకు చెందిన చిన్న ఈగ. అమెరికా ప్రధాన భూభాగంలో 2008లో కాలిఫోర్నియాలో మొదట కనుగొనబడినది. సాధారణ పండ్ల ఈగ కుళ్ళిన పండ్లపై వాలితే, ఇది చెట్టునున్న మంచి పండును కోసి గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజులకు ఒకసారి పండ్లన్నిటినీ కోయడం, రాలిన వాటిని ఏరివేయడం, కోసినవాటిని వెంటనే చల్లగా ఉంచడం ముఖ్యమైన నివారణలు. సన్నని కన్నుల వల కప్పవచ్చును గాని తేనెటీగల రాకకు అది ఆటంకం కాకుండా చూడవలెను.

• లైగస్ జాతి పురుగు: లేత ఎకీన్ల నుండి రసం పీల్చడం వలన పండు కొన గట్టిపడి గుండీ వలె మిగిలిపోతుంది. కలుపు మొక్కలు దీనికి ఆశ్రయం.

• నత్తలు: తడి గడ్డి కింద దాగి రాత్రివేళ పండ్లకు రంధ్రాలు చేస్తాయి. వీటి బాధ ఎక్కువైతే గడ్డిని పలుచన చేయవలెను.

• ఎర్రనల్లి: పొడి వేడిలో ఆకుల అడుగున చేరి రసం పీలుస్తుంది. ఆకులు పాలిపోయి కంచురంగుకు తిరుగుతాయి.

• బూడిదరంగు బూజు: బోట్రిటిస్ అనే శిలీంధ్రం వలన వస్తుంది. తేమ, ఒత్తుదనం దీనికి కారణాలు. సోకిన పండ్లను, ఎండిన ఆకులను తీసి తోటకు దూరంగా పారవేయవలెను.

• పక్షులు: పండు ఎర్రబడక ముందే వల కట్టడం ఒక్కటే నమ్మదగిన ఉపాయం.

కోత, నిల్వ

స్ట్రాబెర్రీ కోసిన తరువాత తియ్యబడదు. రంగు కొంత ముదురుతుంది గాని చక్కెర పెరగదు. కావున తొడిమ వరకు పూర్తిగా ఎర్రబడిన తరువాతనే, కొద్దిపాటి కాడతో సహా, ఉదయం చల్లని వేళలో కోయవలెను. తినే ముందు తప్ప కడగరాదు. కడిగిన పండు త్వరగా బూజు పడుతుంది. 100 గ్రాముల పండులో 90 శాతం పైగా నీరు, సుమారు 32 కిలో కేలరీల శక్తి, సుమారు 59 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి.

చలికాలపు రక్షణ

ఉత్తర రాష్ట్రాలలో చలి కంటే కూడా నేల గడ్డకట్టి, కరగి, మళ్ళీ గడ్డకట్టడం వలన ఎక్కువ నష్టం జరుగుతుంది. ఈ కదలిక మొక్కను నేల నుండి పైకి నెట్టి వేళ్ళను తెంచుతుంది. రాత్రి ఉష్ణోగ్రతలు −6 డిగ్రీల ప్రాంతానికి దిగిన తరువాత, సాధారణంగా నవంబరులో, మడిపై 10 నుండి 15 సెంటీమీటర్ల మందంలో గడ్డిని కప్పవలెను. మరీ ముందుగా కప్పితే మొక్క చలికి అలవాటు పడదు. వసంతంలో గడ్డి కింద లేత ఆకులు కనిపించగానే దానిని వరుసల మధ్యకు తీయవలెను.

తోటను తిరిగి వేయడం

జూన్ కాపు తోటలో కోత ముగిశాక ఆకులన్నిటినీ కత్తిరించి తోటను పునరుద్ధరిస్తారు. ఎవర్‌బేరింగ్ తోటలో అట్లు చేయరాదు. ఆకులతో పాటు రానున్న పూగుత్తులు కూడా పోతాయి. వీటికి ఎండుటాకులను ఏరివేయడం చాలును. రెండు మూడు సంవత్సరాల తరువాత కుదుళ్ళు ముదిరి పండ్లు చిన్నవవుతాయి. అప్పుడు వేరొక చోట కొత్త మొక్కలతో కొత్త మడి వేయవలెను.

కుండీలలో పెంపకం

తీగలు తక్కువైనందున ఈ రకాలు కుండీలకు బాగా అనువైనవి. అడుగున రంధ్రాలు గల 25 నుండి 30 సెంటీమీటర్ల కుండీలో రెండు మూడు మొక్కలు పెంచవచ్చును. వేసవిలో ప్రతి దినం నీరు పోయవలెను. చలికాలంలో కుండీలోని మట్టి అన్ని వైపుల నుండి గడ్డకడుతుంది గనుక కుండీలను వేడి చేయని గ్యారేజి వంటి చోటకు చేర్చవలెను.

తెలుగు ప్రాంతాలలో

హైదరాబాదు అక్షాంశంలో అతి పొడవైన పగలు సుమారు 13 గంటలు, అతి పొట్టి పగలు సుమారు 11 గంటలు. సంవత్సరంలో ఏనాడూ పగలు 14 గంటలు దాటదు. అందుచేత ఉత్తర దేశాలలో జూన్ కాపు రకాల పూతను ఆపే పొడవు పగలు ఇక్కడ లేనే లేదు. ఇక్కడ పూతను ఆపేది ఎండవేడిమి మాత్రమే. వేడిని ఎవర్‌బేరింగ్ రకాలు కూడా తట్టుకోలేవు కాబట్టి వాటి ప్రత్యేక ప్రయోజనం తెలుగు నేలపై అంతగా కనిపించదు.

ఈ కారణం చేతనే భారతదేశంలో స్ట్రాబెర్రీకి ప్రసిద్ధి చెందిన మహారాష్ట్రలోని మహాబలేశ్వరంలో ప్రధానంగా హ్రస్వ దీప్తికాల రకాలను వానలు తగ్గుముఖం పట్టాక నాటి, చలికాలమంతా కోస్తారు. మహాబలేశ్వరం స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆంధ్ర ప్రదేశ్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి ప్రాంతంలో కూడా చలికాలపు పంటగా స్ట్రాబెర్రీ సాగు జరుగుతున్నది. మైదాన ప్రాంతాలలో ఇంటి మేడపై కుండీలలో పెంచదలచినవారు అక్టోబరులో నాటి, ఫిబ్రవరి వరకు పండ్లు పొందవచ్చును. మార్చి తరువాత మొక్కలు క్షీణించడం సహజం. పేరులో "ఎవర్‌బేరింగ్" అని ఉన్న మొక్కను ఎక్కువ ధరకు కొన్నందువలన మే నెలలో పండ్లు రావు.

ఇవి కూడా చూడండి

• స్ట్రాబెర్రీ
• రోజేసి
• పరాగ సంపర్కం
• పెరటి తోట
• లంబసింగి